టెర్రస్ మీద వెదురు పందిరి: ఏడాది తిరక్కుండానే పిండి రాలుతోంది, పీకేయాలా?

బోడుప్పల్ బాల్కనీ
పోయిన ఆగస్టులో మా టెర్రస్ మీద వెదురుతో ఒక గది లాంటి పందిరి వేయించాం. 14 అడుగులు బై 11. ఆరు బొంగుల స్తంభాలు, పైన బొంగుల వాసాలు, వాటి మీద వెదురు చాప, దాని మీద రేకు. సాయంత్రాలు కూర్చుని చాయ్ తాగొచ్చని ముచ్చటపడి లక్షా అరవై వేలు పెట్టాం. సంక్రాంతి దాకా బాగానే ఉంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే టేబుల్ మీద ఎవరో మైదా జల్లెడ పట్టినట్టు సన్నటి పొడి. రాత్రి చెవి ఆనించి వింటే లోపల కర్‌కర్ మని చప్పుడు. నిన్న ఆ పొడి మా మామగారి చాయ్‌లో పడింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా కప్పు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు, తిట్టినా బాగుండేది. కట్టినతనికి ఫోన్ చేస్తే "వెదురంటే అంతే సార్, వార్నిష్ ఒక కోటు కొట్టించండి" అన్నాడు. వార్నిష్‌తో ఆగుతుందా, లేక మొత్తం పీకేసి జీఐ పైపులు వేయించుకోవాలా? ఇంట్లో మాటలు పడలేకపోతున్నా.

జీఐ పైపు గురువు
అడగక ముందే చెప్పేవాణ్ణి, మీరు అడగలేదు. జీఐ పైపు, పైన రేకు, పదిహేనేళ్ళు అటువైపు చూడక్కర్లేదు. లక్షా అరవై వేలు పెట్టి పురుగులకు ఇల్లు కట్టించారు.

ఇరానీ చాయ్
మామగారు కప్పు కింద పెట్టారంటే ఆ పొడిలో చక్కెర తక్కువైందేమో.

సైట్ ఇంజనీర్ సత్తి
వార్నిష్ మాట మరిచిపోండి. ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. పొడి టాల్కమ్ పౌడర్‌లా లేత పసుపు రంగులో ఉందా, లేక బొంగు మీద మట్టి గీతలు, మట్టి గొట్టాల్లాంటివి ఉన్నాయా? మొదటిదైతే వెదురు పొడి పురుగు, రెండోదైతే చెద. ఈ రెంటికీ వైద్యం వేరు. చిల్లులు ఎక్కడున్నాయి, ఎంత పెద్దవి?

బోడుప్పల్ బాల్కనీ
మట్టి ఎక్కడా లేదు. గుండుసూది తలంత చిల్లులు, ఎక్కువగా బొంగు కోసిన చివర్లలో, కణుపుల దగ్గర, బోల్టు కోసం డ్రిల్ చేసిన చోట. నున్నగా ఉన్న మధ్య భాగంలో పెద్దగా లేవు.

సైట్ ఇంజనీర్ సత్తి
అయితే పొడి పురుగే. చిన్న నల్లటి పెంకు పురుగు, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. వెదురు లోపలి గుజ్జులో పిండి పదార్థం ఉంటుంది, దానికోసమే వస్తుంది. బొంగు పైతోలు గట్టిగా, మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి పురుగు అటునుంచి లోపలికి పోలేదు. కోసిన చివరి నుంచో, పగులు నుంచో, డ్రిల్ చేసిన బెజ్జం నుంచో దూరుతుంది. ఆ తోలే మీ వార్నిష్‌ని కూడా లోపలికి పోనివ్వదు. చెక్కకైతే అడ్డంగా కూడా కొంత మందు పీలుస్తుంది, వెదురులో నాళాలన్నీ నిలువుగానే ఉంటాయి. పైన బ్రష్‌తో ఎన్ని కోట్లు కొట్టినా లోపలున్న పురుగు హాయిగా భోంచేస్తూనే ఉంటుంది, మీరు దాని ఇంటికి రంగేసి ఇచ్చినట్టు.

కట్టే ముందు బొంగులకి మందు పట్టించాడా అని అతన్ని అడిగారా?

బోడుప్పల్ బాల్కనీ
అడిగా. "ట్రీటెడ్ సార్" అన్నాడు. దేనితో అంటే "కెమికల్" అన్నాడు. ఏ కెమికల్ అంటే ఫోన్ కట్ అయింది.

రాత్రిపూట రీడర్
వెదురు సంగతి బొంగేం తెలియకుండానే బొంగులమ్మేస్తున్నారన్నమాట.

ఇరానీ చాయ్
ఈ చర్చలో ఎవరో ఒకరు ఆ మాట వాడతారని చూస్తున్నా. ఎనిమిదో పోస్టు దాకా ఆగారు, సంస్కారవంతులు.

మేదరింటి కోడలు
మా అత్తగారి ఇంట్లో మూడు తరాల నుంచి వెదురు పనే. ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నా గానీ పెళ్ళయిన కొత్తలో నాలుగేళ్ళు బద్దలు చీరాను, వేళ్ళ మీద గాట్లు ఇంకా ఉన్నాయి. మీ పోస్టు చదవగానే నాకు వచ్చిన అనుమానం వేరు. మీకు ఇచ్చింది బుట్టల వెదురేమో.

చాట, తట్ట, సిబ్బి అల్లడానికి మాకు లేత వెదురు కావాలి. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర వయసుది. బద్ద చీరితే దారంలా వంగాలి, లేకపోతే అల్లేటప్పుడు టప్పున విరుగుతుంది. అదే బొంగుని స్తంభంగా నిలబెడితే మాత్రం పనికిరాదు. లేత దాంట్లో నీరెక్కువ, ఆరాక ముడుచుకుపోతుంది, చీలుతుంది, పురుగుకి కూడా అదే ఇష్టం. వాసాలకి, నిచ్చెనలకి మా మామయ్య మూడేళ్ళు దాటిన బొంగే తెచ్చేవాడు. ఎలా గుర్తుపడతామంటే, లేత బొంగు నిగనిగలాడే పచ్చగా ఉంటుంది, కణుపుల కింద తెల్లటి బూడిద లాంటి పొర ఉంటుంది, కింది కణుపులకి ఇంకా తొడుగులు అంటుకునే ఉంటాయి. ముదిరిందానికి ఆ పొర పోయి రంగు మందగిస్తుంది, అక్కడక్కడ బూజు మచ్చలు పడతాయి, వేలితో కొడితే ఖంగున మోగుతుంది. లేతది మొద్దుగా మోగుతుంది. సిటీలో బొంగులమ్మే అడ్డాల్లో రెండూ కలిపి నిలబెడతారు, కొనేవాళ్ళు నిగనిగలాడేదాన్నే ఏరుకుంటారు. అందం చూసి మోసపోతారన్నమాట.

ఇంకొకటి, ఆగస్టులో వేయించానన్నారు. అంటే వానల్లో కొట్టిన వెదురై ఉండొచ్చు. మా వాళ్ళు వానాకాలంలో ఇంటి పనికి బొంగు కొట్టరు. దీపావళి దాటాలి.

చేవెళ్ళ రైతుబిడ్డ
అక్క చెప్పింది వంద శాతం నిజం. మా తాత అయితే అమావాస్యకి ముందే కొట్టాలి అనేవాడు, వెన్నెల రోజుల్లో కొడితే పురుగు ఖాయం అని. కొట్టాక చెరువులో రాళ్ళు పెట్టి ముంచేసేవాడు, నెలన్నర తర్వాత తీస్తే కంపు భరించలేం గానీ ఆ బొంగులతో వేసిన కొట్టం నేను ఇంటర్ చదివే దాకా ఉంది.

సైట్ ఇంజనీర్ సత్తి
చెరువు సంగతి నమ్ముతా. నీళ్ళలో నానితే పిండి పదార్థం, చక్కెరలు కరిగి బయటికి పోతాయి, అందుకే అంత కంపు. వానల తర్వాత కొట్టడం కూడా నిజమే, కొత్త పిలకలు పెరిగే కాలం అయిపోయాక బొంగులో తేమ తగ్గుతుంది. అమావాస్య మాత్రం నేను ఒప్పుకోను. నేను చూసినంతలో దానికి గట్టి ఆధారం లేదు.

చేవెళ్ళ రైతుబిడ్డ
మా తాత కొట్టం 20 ఏళ్ళు నిలబడింది, ఆధారం అదే.

సైట్ ఇంజనీర్ సత్తి
అది చెరువు ఆధారం, చంద్రుడిది కాదు.

మేదరింటి కోడలు
ఇద్దరూ కొట్టుకోకండి. అమావాస్య అంటే అందరికీ గుర్తుంటుంది, అడవికి పోవడానికి ఒక రోజు పెట్టుకున్నట్టు ఉంటుంది. మా మామయ్య కూడా అలాగే పోయేవాడు, కానీ చెరువులో ముంచకుండా ఏనాడూ వాడలేదు. ఇంకో సంగతి, పొయ్యి పైన అటకకి వేసిన వాసాలకి పురుగు పట్టదు, పొగ వల్ల. గ్యాస్ వచ్చాక మా పాతింట్లో ఆ వాసాలకే పట్టింది.

మియాపూర్ మిడిల్‌క్లాస్
మరి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు పరంజాకి వాడే కర్రలు ఎండలో వానలో ఏళ్ళ తరబడి ఉంటాయి కదా, వాటికెందుకు పట్టదు?

సైట్ ఇంజనీర్ సత్తి
పడుతుంది. పట్టినవి పారేస్తాం, మీరు చూడరు. పైగా మన దగ్గర పరంజా కర్రల్లో చాలావరకు సర్వి బాదులు, బొంగులు కొన్నే.

గువాహటి రిటర్న్
ఉద్యోగం మీద పదకొండేళ్ళు గువాహటిలో ఉన్నాను. జీఐ గురువు గారు వెదురంటే తీసిపారేస్తున్నారు గానీ అక్కడి పాత ఇళ్ళు చూస్తే మాట మార్చుకుంటారు. 1897లో షిల్లాంగ్ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చి ఇటుక, రాతి కట్టడాలు కూలిపోయాయి. ఆ తర్వాత అక్కడ తేలికపాటి ఇళ్ళు కట్టడం పెరిగింది, అస్సాం టైప్ ఇళ్ళంటారు. కింద నడుము ఎత్తు దాకా ఇటుక గోడ, ఆ పైన చెక్క ఫ్రేము, మధ్యలో ఇక్రా అనే రెల్లు, వెదురు బద్దలు, దాని మీద మట్టి గానీ సున్నం గానీ మెత్తుతారు. పైన రేకు. నేను అద్దెకున్న ఇల్లు ఓనరు వాళ్ళ తాత కట్టించింది, రెండు మూడు సార్లు భూమి కదిలినప్పుడు గోడలు కిర్రుమన్నాయి అంతే.

కానీ ఒకటి గమనించా. అక్కడ వెదురు ఎక్కడా నేలని తాకదు, ఎక్కడా వాన నేరుగా పడదు. చూరు రెండున్నర అడుగులు బయటికి ఉంటుంది. బోడుప్పల్ గారూ, మీ స్తంభాల కాళ్ళు ఎలా ఉన్నాయి?

బోడుప్పల్ బాల్కనీ
టెర్రస్ మీద సిమెంటు దిమ్మెలు పోసి బొంగుని అందులోనే పాతాడు. బలంగా ఉంటుందని.

సైట్ ఇంజనీర్ సత్తి
అయ్యో.

గువాహటి రిటర్న్
అయ్యో కి నా తరఫున కూడా ఒకటి.

సైట్ ఇంజనీర్ సత్తి
కాంక్రీటులో పాతిన బొంగు ఆరినప్పుడు ముడుచుకుంటుంది, చుట్టూ సన్నటి సందు వస్తుంది, వాన నీరు ఆ సందులోకి దిగి అక్కడే నిలుస్తుంది. కింద కుళ్ళు, పైన పురుగు. దిమ్మె పైకి ఒక ఇనప రాడ్ నిలబెట్టి, దాన్ని బొంగు గుల్లలోకి దూర్చి, బొంగు అడుగు దిమ్మె కన్నా కాస్త పైకి ఉండేలా చేయాలి. రాడ్ ఉన్న అరలో సిమెంటు మోర్టారు నింపి అడ్డంగా బోల్టు వేస్తారు. ఈ మోర్టారు నింపే కీలు పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చింది కొలంబియా ఆర్కిటెక్టు సిమోన్ వేలెస్. జర్మనీలోని హానోవర్‌లో 2000 ఎక్స్‌పోకి ఆయన వెదురుతో పెద్ద పెవిలియన్ కట్టాడు. మేకులు మాత్రం ఎక్కడా కొట్టకూడదు, వెదురు నారల వెంట నిలువునా చీలిపోతుంది. లాగితే చాలా బలం, చీల్చితే ఏమీ లేదు, దాని స్వభావమే అది. మేదరింటి అక్క కత్తితో బద్దలు చీరగలిగేది కూడా అందుకే కదా.

మేదరింటి కోడలు
అవును. కణుపు దగ్గర మాత్రం కత్తి ఆగుతుంది, అక్కడ చేయి తిప్పాలి. అందుకే బరువు పడే చోట కణుపు ఉండేలా చూసుకోమంటారు.

జీఐ పైపు గురువు
ఇన్ని జాగ్రత్తలు పడే బదులు అని నేను మొదట్లోనే అన్నా.

అత్తాపూర్ ఆంటీ
అసలు ఇంటి నెత్తిన వెదురు ఎందుకు పెట్టారు బాబూ. పాడె కట్టేది దానితోనే. మా పక్కింటివాళ్ళు బాల్కనీలో వెదురు కర్టెన్ వేస్తేనే వాళ్ళ అత్తగారు తీయించేసింది.

మేదరింటి కోడలు
ఆంటీ, పెళ్ళి పందిరి కట్టేది కూడా దానితోనే. పెళ్ళిలో చాటలు, గంపలు మా దగ్గరే కొంటారు, అప్పుడు ఎవరికీ పాడె గుర్తు రాదు.

అత్తాపూర్ ఆంటీ
అదీ నిజమేలే. నేను మొన్న బోనాలకి గంప కొన్నా.

రాత్రిపూట రీడర్
బెంగళూరు ఎయిర్‌పోర్టు రెండో టెర్మినల్ మొత్తం వెదురుతోనే కట్టారు, అక్కడ పొడి రాలుతోందా? మన వాళ్ళకి పని రాదు, అంతే.

సైట్ ఇంజనీర్ సత్తి
మొత్తం వెదురు కాదు. 2022 నవంబర్‌లో ప్రారంభించిన ఆ టెర్మినల్‌లో బరువు మోసేది ఉక్కు. పైకప్పుకి వేలాడే బద్దలు, స్తంభాల తొడుగులు వెదురువి. అది కూడా మనం చూసే గుండ్రటి బొంగు కాదు, బద్దలు కోసి, మందు పట్టించి, జిగురుతో ఒత్తిన ఇంజనీర్డ్ వెదురు. ఏసీ గదిలో, వాన తగలని చోట. మన టెర్రస్‌తో పోలిక కుదరదు.

మియాపూర్ మిడిల్‌క్లాస్
సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా ఊళ్ళో చిన్న ఇల్లు కడుతున్నాం. స్లాబులో ఇనుము బదులు వెదురు బద్దలు వేస్తే సగం ఖర్చు మిగులుతుందని, తుప్పు కూడా పట్టదని ఒక వీడియో చూశా. వెదురు ఉక్కు కన్నా బలం అంటున్నారు.

సైట్ ఇంజనీర్ సత్తి
దయచేసి వద్దు. ఇది కొంచెం పొడుగ్గా చెప్తా, ఎందుకంటే ఈ వీడియో నాకు వారానికొకరు పంపిస్తున్నారు.

వెదురు పైపొరలో నారలు దట్టంగా ఉంటాయి, వాటిని మాత్రమే తీసి లాగి చూస్తే మామూలు ఉక్కుకి దగ్గరగా బలం కనిపిస్తుంది, అది నిజమే. కానీ స్లాబుకి బలం ఒక్కటే చాలదు, సాగకుండా బిగువుగా ఉండాలి. ఆ బిగువు ఉక్కుతో పోలిస్తే వెదురుకి సుమారు పదో వంతే. అంటే స్లాబు విరగకపోయినా కిందికి వంగుతుంది, పగుళ్ళు వెడల్పవుతాయి. రెండోది, కాంక్రీటు పోసినప్పుడు బద్ద నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, తర్వాత ఆరి ముడుచుకుంటుంది. అప్పుడు దాని చుట్టూ ఖాళీ ఏర్పడి కాంక్రీటుకి దానికి పట్టు పోతుంది. పట్టు పోయిన రాడ్ స్లాబులో ఉన్నా ఒకటే, మీ ఇంటి అటక మీద ఉన్నా ఒకటే. కాంక్రీటులోని క్షారం కూడా కాలం గడిచేకొద్దీ నారని తినేస్తుంది. తుప్పు పట్టదు, కుళ్ళుతుంది. మన ప్రమాణాల్లో వెదురు కట్టడాల డిజైన్‌కి ఐఎస్ 15912 ఉంది, మందు పట్టించడానికి ఐఎస్ 9096 ఉంది, నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో వెదురుకి విడిగా అధ్యాయమే ఉంది. వాటిలో చెప్పింది వెదురుని వెదురుగా వాడటం. ఇనుముకి డూపుగా కాదు.

మియాపూర్ మిడిల్‌క్లాస్
సరే, ఇనుమే కొంటా. వీడియో మా బావమరిది పంపాడు, మీ పోస్టు వాడికి పంపిస్తా.

రాత్రిపూట రీడర్
మంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025 నవంబర్‌లో హాంకాంగ్‌లో తాయ్ పో అపార్టుమెంట్లకి నిప్పంటుకుని 150 మందికి పైగా పోయారు, చుట్టూ వెదురు పరంజానే కదా. టెర్రస్ మీద చాయ్ అంటే స్టవ్ కూడా పెడతారు.

గువాహటి రిటర్న్
అక్కడ అధికారులు మొదట వేలెత్తి చూపింది పరంజా చుట్టూ కట్టిన వలనీ, కిటికీలకి అంటించిన ఫోమ్ షీట్లనీ. అలాగని బొంగు కాలదని కాదు, బాగా వేడెక్కితే కణుపుల మధ్య గాలి వ్యాకోచించి టపాకాయలా పేలుతుంది కూడా. పందిరి కింద స్టవ్, దీపావళి చిచ్చుబుడ్లు వద్దు, అంతే.

బోడుప్పల్ బాల్కనీ
చాయ్ కింద వంటింట్లోనే పెడతాం. పైకి ఫ్లాస్కులో. మా మామగారికి అదే ఒక బాధ.

చేవెళ్ళ రైతుబిడ్డ
ఇప్పటికి డీజిల్ కొట్టి చూడండి. పురుగు చస్తుంది, ఖర్చు తక్కువ. మేము గొర్రెల దొడ్డి వాసాలకి కొడతాం.

గువాహటి రిటర్న్
ఇప్పుడే మంటల గురించి మాట్లాడుకున్నాం!

చేవెళ్ళ రైతుబిడ్డ
దొడ్లో ఎవరూ చాయ్ తాగరు, ఆ మాట మరిచిపోయా.

కాగజ్‌నగర్ కుర్రాడు
మాది పేపర్ మిల్లు ఊరు, చిన్నప్పుడు బడికి పోతుంటే లారీలకి లారీలు వెదురు ఎదురొచ్చేది. బొంగుల్లో రకాలు ఉంటాయని ఇక్కడ ఎవరూ చెప్పలేదు. లావుగా, లోపల పెద్ద గుల్లతో, ముళ్ళతో ఉండేది ఒకటి. సన్నగా, దాదాపు గుల్ల లేకుండా గట్టిగా ఉండేది ఇంకొకటి, లాఠీలు దానితోనే చేస్తారు. మా అడవుల్లో ఎక్కువ ఆ రెండోదే. వాసాలకి, బోల్టులు వేసే చోటికి అది మేలు. స్తంభానికి లావు కావాలంటే మూడు నాలుగు కలిపి కట్టుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. మా చేను గట్టున పెరిగిన వెదురే కదా అని పోయినేడు బావ ఒక ట్రాలీలో వేసుకుని బయల్దేరితే చెక్‌పోస్టులో ఆపి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

రాత్రిపూట రీడర్
అదేంటి, 2017లో వెదురు చెట్టు కాదు గడ్డి అని చట్టం మార్చారు కదా, పర్మిట్ అక్కర్లేదు.

కాగజ్‌నగర్ కుర్రాడు
మార్చింది 1927 నాటి కేంద్ర అటవీ చట్టంలో, అడవి బయట పెరిగే వెదురుని చెట్టు అనే నిర్వచనం నుంచి తీసేశారు. మన దగ్గర ఉన్నది 1967 నాటి రాష్ట్ర చట్టం. పేపర్లో వచ్చింది చదివి బావ కూడా మీలాగే వాదించాడు, అందుకే సాయంత్రం దాకా. లేకపోతే మధ్యాహ్నానికే వదిలేవాళ్ళేమో. బండి ఎక్కించే ముందు ఫారెస్టు ఆఫీసులో అడిగి కాగితం తీసుకోవడం తేలిక.

బోడుప్పల్ బాల్కనీ
అందరూ కలిపి నాకు ఒక డిగ్రీ ఇచ్చేలా ఉన్నారు. ఇప్పుడున్న పందిరిని ఏం చేయమంటారో అది చెప్పండి. ఈ ఆదివారం మనిషిని పిలుస్తున్నా.

సైట్ ఇంజనీర్ సత్తి
ఒక్కో బొంగుని సుత్తి పిడితో తట్టుకుంటూ పోండి. గట్టిగా మోగేది ఉంచండి, డొల్లగా అనిపించేదాన్ని స్క్రూడ్రైవర్‌తో చిల్లుల దగ్గర పొడవండి, దిగిపోతే అది అయిపోయినట్టే. స్తంభాలైతే అనుమానం ఉన్నా తీసేయండి. పైకప్పు నెత్తిన పడితే పొడి చాయ్‌లో పడటం నయం అనిపిస్తుంది. ఇంకోటి, గాలి. మన హైదరాబాద్‌కి గాలి వేగం లెక్క కట్టేటప్పుడు సెకనుకి 44 మీటర్లు తీసుకుంటాం, అంటే గంటకి దాదాపు 158 కిలోమీటర్లు. మే నెల గాలివానలో తేలికైన వెదురు పందిరికి ప్రమాదం కిందికి కూలడం కాదు, పైకి లేవడం. రేకు నుంచి వాసానికి, వాసం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి దిమ్మెకి అన్నీ బోల్టులతో కట్టి ఉన్నాయో లేదో చూడండి. తాళ్ళతో మాత్రమే కట్టుంటే ఈ వేసవి లోపలే మార్చాలి.

కొత్త బొంగులకి మందు మీరే పట్టించుకోవచ్చు. బోరాక్స్, బోరిక్ యాసిడ్. 100 లీటర్ల నీళ్ళకి బోరాక్స్ 3 కిలోలు, బోరిక్ 2 కిలోలు. పొడుగాటి కడ్డీతో లోపలి కణుపుల అడ్డుపొరలన్నీ పొడిచి, మందు నీళ్ళలో మొత్తం మునిగేలా పది పన్నెండు రోజులు ఉంచి, తర్వాత నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్ళు. ఈ మందు వానకి కరిగి పోతుంది, అందుకని చూరు బయటికి పెంచడం తప్పదు. మనుషులకి ఘాటు మందులంత ప్రమాదం కాదు గానీ గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

మేదరింటి కోడలు
బోరాక్స్ అంటే వెలిగారమే. కంసాలి వాళ్ళు వాడేది.

ఇరానీ చాయ్
బోరిక్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లేది. అంటే మన పాత క్లబ్బులో పురుగు పట్టనిది క్యారమ్ బోర్డు ఒక్కటే ఎందుకో ఇప్పుడు తెలిసింది.

రాత్రిపూట రీడర్
ఎండలో పెడితే పురుగు చావదా? ఎగుమతి చేసే చెక్క పెట్టెల్ని 56 డిగ్రీల్లో అరగంట వేడి చేస్తారు. మన మే నెలకి నల్ల టార్పాలిన్ కప్పితే సరిపోతుంది.

సైట్ ఇంజనీర్ సత్తి
ఆ 56 చెక్క నడిమధ్యలో రావాలి, పైన కాదు. వచ్చినా ఉన్న పురుగు చస్తుంది, రేపు కొత్తది రాకుండా ఆపదు. పిండి పదార్థం లోపలే ఉంది కదా. మంచిగా ఉన్న పాత బొంగులకైతే ప్రతి అరకి చిన్న బెజ్జం వేసి ఇంజెక్షన్ సిరంజితో ఇదే మందు పోసి, మైనంతో మూసి, బొంగుని తిప్పుతూ ఉండండి. ఓపిక కావాలి.

బోడుప్పల్ బాల్కనీ
మందు తొట్టి టెర్రస్ మీదే ఇటుకలు పేర్చి టార్పాలిన్ వేసి చేసుకోవచ్చా?

సైట్ ఇంజనీర్ సత్తి
ఘనపు మీటరు నీళ్ళు అంటే టన్ను. స్లాబు మీద వద్దు. కింద ఖాళీ జాగా చూసుకోండి.

బోడుప్పల్ బాల్కనీ
మూడు వారాల తర్వాత వస్తున్నా, అడిగినవాళ్ళ కోసం. విప్పి చూస్తే ఆరు స్తంభాల్లో నాలుగు పోయాయి. ఒకదాన్ని నిలువునా చీల్చితే లోపల గోడలే లేవు, పైతోలు మాత్రమే నిలబడి ఉంది, మిగతాదంతా పిండి. మా ఆవిడ దాన్ని చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ పందిరి కిందే మా పాప పుట్టినరోజు చేశాం. వాసాల్లో పద్నాలుగింటికి తొమ్మిది బాగున్నాయి, వాటికి సిరంజి వైద్యం చేశా. కట్టినతను ఫోన్ ఎత్తడం మానేశాడు, ఆ డబ్బులకి నీళ్ళొదిలేశా.

కొత్తవి మేదరింటి కోడలు గారు చెప్పిన గుర్తులు పట్టుకుని నేనే పోయి ఏరుకున్నా. అడ్డాలో అతను "సార్, ఇవి పాతబడ్డవి, అందంగా ఉండవు, అవి తీసుకోండి" అని నిగనిగలాడేవి చూపించాడు. వేలితో కొట్టి చూసేసరికి "మీరు పని తెలిసినవాళ్ళా" అన్నాడు. ఈ మధ్య కాలంలో నాకు దక్కిన ఒకే ఒక్క మర్యాద అది. పక్క ఖాళీ ప్లాటులో గుంట తీసి టార్పాలిన్ వేసి పన్నెండు రోజులు నానబెట్టాం. వీధిలో వాళ్ళందరూ వచ్చి చేపలు పెంచుతున్నారా అని అడిగారు. ఇప్పుడు పార్కింగులో నీడకి ఆరుతున్నాయి. దిమ్మెలు పగలగొట్టి రాడ్లు పెట్టించా. చూరు ఒక అడుగు పెంచుతున్నాం.

జీఐ పైపు గురువు
నా మాట వినుంటే ఈపాటికి కూర్చుని చాయ్ తాగుతుండేవారు.

బోడుప్పల్ బాల్కనీ
మా మామగారు కూడా అదే అన్నారు. కానీ బొంగుల అడ్డుపొరలు పొడిచే పని మొత్తం ఆయనే చేశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఈత కొట్టడానికి బొంగుల తెప్ప కట్టేవాళ్ళట, ఆ కథ నాలుగు సార్లు చెప్పారు.

సైట్ ఇంజనీర్ సత్తి
బాగుంది. మిగిలిన మందు నీళ్ళు ఏం చేశారు? అడగడం మరిచిపోయా. మొక్కలకి పోయకండి, బోరాన్ ఎక్కువైతే ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి.

బోడుప్పల్ బాల్కనీ
ఈ మాట నిన్న చెప్పాల్సింది.

ఇరానీ చాయ్
ఎన్ని కుండీలు?

బోడుప్పల్ బాల్కనీ
గులాబీలు పదకొండు, కరివేపాకు ఒకటి. మా అత్తగారు పెంచినవి. ఆవిడకి ఇంకా చెప్పలేదు.